అన్నానికి సాక్ష్యం

ఆకలిగొన్న మనిషి విస్తరి ముందు కూర్చున్నప్పుడు, వడ్డించేవాని చేతిలో తన ప్రాణాన్ని ఉంచుతాడు. ఇంట్లో ఆ విశ్వాసానికి తల్లి ప్రేమ పూచీ. చుట్టాలింట ఆదరం పూచీ. మరి రూక చెల్లించి తినే చోట పూచీ ఏది?

రూక చెల్లించి భోజనం చేయడం మన జాతికి కొత్త కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామం’లో ఓరుగంటి నగరపు పూటకూళ్ళ ఇంటి వర్ణన ఉన్నది. ఒక్క రూకకు మేలైన అన్నం, పెసరపప్పు, ఆవునెయ్యి, గడ్డపెరుగు, అరటిపండ్లు అక్కడ లభించేవట. 1897లో తొలిసారి అచ్చయిన ‘కన్యాశుల్కం’లో విజయనగరపు పూటకూళ్ళమ్మను గురజాడ మనకు చిరస్మరణీయంగా చూపించాడు. ఆ పూటకూళ్ళ ఇళ్ళలో వండేవారి ముఖం తినేవారికి తెలుసు. తినేవారి ఊరూ పేరూ వండేవారికి తెలుసు. ఆ పరిచయమే పూచీగా నిలిచింది. నేటి రహదారి పక్క భోజనశాలలో వంటవాడు గోడకు అవతల ఉంటాడు. మనం అరగంటలో తిని వెళ్ళిపోయే బాటసారులం. పరిచయం పోయిన చోట పూచీగా నిలవవలసింది చట్టం. ఆ చట్టం మననుండి కోరేది ఏమిటో నేను గ్రంథాలలో చదివి తెలుసుకోలేదు. భావనపాడు నుండి తిరిగివచ్చిన ఒక రాత్రి నాకు ఆ పాఠం నేర్పింది.

2023 జనవరి మాసంలో ఒక శనివారం మా కళాశాల నుండి పద్దెనిమిది మంది విద్యార్థులనూ, తోటి అధ్యాపకుని ఒకరినీ వెంటబెట్టుకొని విహారయాత్రకు బయలుదేరాను. ఉదయం తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకొన్న గూడబాతులను, రంగుకొంగలను చూశాము. ఎంత దూరం నుండి వచ్చినా ఆ పక్షులు మేత దొరికే తావు చూసుకొనే గూడు కడతాయి. అక్కడి నుండి నౌపడ ఉప్పుమళ్ళ తెల్లదనాన్ని కన్నులారా చూస్తూ, సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు చేరేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. బంగాళాఖాతపు అలలు, వేటనుండి తిరిగివచ్చిన పడవలు, వలలు సవరించుకొంటున్న మత్స్యకారులు, చేపల బుట్టల చుట్టూ గుమిగూడిన స్త్రీలు. ఆ దృశ్యం మా పిల్లలను ముగ్ధులను చేసింది.

మా విద్యార్థులలో ఒక అబ్బాయిది ఆ ఊరే. వాడి తాత మమ్మల్ని ఎదురేగి ఆహ్వానించాడు. అరవై ఏళ్ళు సముద్రంతో గడిపిన మనిషి. రేవు దగ్గర ఆయన పిల్లలకు ముందుగా చూపించినది చేపలను కాదు, మంచును. పెట్టెలలో అడుగున ఒక పొర మంచు, పైన చేపలు, వాటిపై మళ్ళీ మంచు.

“సేప సచ్చిన గడియ నుంచీ కుళ్ళడం మొదలెడతాది మాస్టారూ. ఐసే దాన్ని ఆపుతాది. ఐసు కాడ పిసినారితనం సేసినోడు అమ్మేది సేప కాదు, జబ్బు” అన్నాడాయన.

నిరక్షరాస్యుడైన ఆ వృద్ధుని మాటలో గొప్ప శాస్త్రం ఉన్నది. సూర, కానాగంత మొదలైన చేపలను పట్టిన వెంటనే చల్లబరచకపోతే, సూక్ష్మజీవులు వాటి మాంసంలో హిస్టమిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. దానిని వండినా వేయించినా పోదు. తిన్న కొద్ది నిమిషాలలోనో, ఒకటి రెండు గంటలలోనో ముఖం ఎర్రబడుతుంది, తల పగిలిపోతున్నట్లుంటుంది, ఒంటిపై దద్దుర్లు లేస్తాయి. ఆ పదార్థం పేరు ముసలాయనకు తెలియదు గాని, దాని పని తెలుసు.

వారి ఇంటి అరుగు మీద విస్తళ్ళు వేసి మాకు భోజనం పెట్టారు. పదిహేను మంది చేపల పులుసు తిన్నారు. శనివారపు నియమం పాటించే నేనూ, నలుగురు విద్యార్థులూ పప్పు, వంకాయ కూరతో సరిపెట్టుకొన్నాము. ఆ ఇల్లాలు “ఇంకొంచెం ఎయ్యనా బాబూ” అని ప్రతి పిల్లవాణ్ణీ పేరు అడిగి మరీ వడ్డించింది. పూటకూళ్ళ ఇంటి పరిచయం కన్నా మిన్నయైన పరిచయం అది.

సాయంత్రం తిరుగు ప్రయాణం. టెక్కలిలో నలుగురు ఆడపిల్లలు తల్లిదండ్రులు ఎదురు రాగా దిగిపోయారు. తక్కినవారం శ్రీకాకుళం దారి పట్టాము. రాత్రి ఎనిమిది గంటల వేళ పిల్లలు ఆకలి అన్నారు. జాతీయ రహదారి పక్కన దీపాలు మిలమిలలాడుతున్న ఒక భోజనశాల దగ్గర బస్సు ఆపాము. పదముగ్గురు ఫ్రైడ్ రైస్ కోరుకొన్నారు. నేనూ, నా సహోపాధ్యాయుడూ, ఒక విద్యార్థీ ఇడ్లీతో సరిపెట్టుకొన్నాము. “అన్నం మధ్యాహ్నమే వండి ఉంచామండీ, అయిదు నిమిషాల్లో వేయించి ఇచ్చేస్తాం” అన్నాడు వడ్డించే కుర్రవాడు. వంటగది గుమ్మం దగ్గర నేలమీద, మూతలేని పెద్ద గిన్నెలో ఆ అన్నం నాకు కనిపించింది కూడా. అతని మాటలో నాకు వేగమే వినిపించింది గాని ప్రమాదం వినిపించలేదు. నగదు చెల్లించి, చేతికిచ్చిన బిల్లును ఉండచుట్టి గుమ్మం దగ్గరి చెత్తబుట్టలో పడవేశాను. ఆ చిన్న కాగితం విలువ ఎంతో నాకు మరునాటికి గాని తెలియలేదు.

పదకొండు గంటలకు వసతిగృహం నుండి ఫోను. ఒకరి తరువాత ఒకరు, మొత్తం పదకొండు మంది వాంతులతో, కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నారు. తెల్లవారేలోగా అందరినీ ఆసుపత్రికి చేర్చాము. చాలామంది ఓ.ఆర్.ఎస్. ద్రావణంతోనే తేరుకొన్నారు. ఉప్పు, చక్కెర కలిసిన ఆ సామాన్య జలం మహిమ లోకానికి చాటినవాడు మన భారతీయ వైద్యుడే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ దానితో వేలాది ప్రాణాలను నిలబెట్టాడు. కాని భావనపాడు అబ్బాయి పరిస్థితి వేరు. వాడి ఒంట్లో నీరు హరించుకుపోయింది. మూత్రం జారీ కావడం తగ్గింది. మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉన్నదని వైద్యులు అన్నప్పుడు నా కాళ్ళు వణికాయి. ఆ పిల్లవాడిని బతికించి అప్పగించండి తండ్రీ అని నేను మొక్కని దేవుడు లేడు. రెండు రోజుల సెలైన్ తరువాత గండం గడిచింది. ఆరవ రోజున వాడు ఇంటికి వెళ్ళాడు.

అసలు విషాదం మరొకటి. ఆదివారం ఉదయం నేను ఆ భోజనశాల యజమాని వద్దకు వెళ్ళాను. ఆయన నన్ను సాంతం మాట్లాడనివ్వలేదు.

“మధ్యాహ్నం మీరెక్కడ తిన్నారు?” అని అడిగాడు.

“భావనపాడులో, మా విద్యార్థి ఇంట్లో.”

“ఏం తిన్నారు?”

“చేపల పులుసు.”

“ఇంకేం మాస్టారూ! సముద్రపు చేపలు తిని, నా అన్నం మీద పడతారేమిటి?” అన్నాడు.

నేను నిరుత్తరుణ్ణి అయ్యాను. ఆ మాట నాకంటే వేగంగా ప్రయాణించింది. సాయంత్రానికి ఆసుపత్రి వరండాలోని తల్లిదండ్రులందరి నోటా అదే మాట. సోమవారం నాటికి భావనపాడు చేరింది. ముసలాయన మనుమణ్ణి చూడడానికి వచ్చి, మంచం దగ్గరకు వెళ్ళకుండా వరండాలో స్తంభం పక్కన నిలబడిపోయాడు. నన్ను చూసి తలపాగా తీసి చేతిలో పట్టుకొన్నాడు.

“మా ఇంట్లో తిన్నందుకే పిల్లలకి ఇలగయ్యిందంటన్నారు. నిజవేనా మాస్టారూ?”

అరవై ఏళ్ళు మంచు దగ్గర పిసినారితనం చేయని మనిషి, తన చేతి కూడు తన మనుమణ్ణే చంపబోయిందేమోనని కుమిలిపోతున్నాడు. కాదని నా మనస్సు చెబుతున్నది. కాని మనస్సు చెప్పినది సాక్ష్యం కాదు.

ఆ రాత్రి నేను ఒక తెల్లకాగితం తీసుకొని యాత్రకు వెళ్ళిన ఇరవై మంది పేర్లూ రాశాను. ప్రతి పేరు ఎదుట మూడు గళ్ళు. మధ్యాహ్నం చేప తిన్నారా? రాత్రి ఫ్రైడ్ రైస్ తిన్నారా? జబ్బు పడ్డారా? ఎవరు ఏది తిన్నదీ పిల్లలను ఒక్కొక్కరినే విడిగా అడిగి, టెక్కలి ఆడపిల్లల ఇళ్ళకు ఫోను చేసి గళ్ళు నింపాను. కాగితం తనంతట తానే మాట్లాడింది.

చేప తిని, ఫ్రైడ్ రైస్ తిననివారు ఆరుగురు. టెక్కలిలో దిగిన నలుగురు ఆడపిల్లలు, ఇడ్లీ తిన్న విద్యార్థి, నా సహోపాధ్యాయుడు. వారిలో ఒక్కరికీ తలనొప్పి అయినా రాలేదు. చేప ముట్టకుండా ఫ్రైడ్ రైస్ తిన్నవారు నలుగురు. వారిలో ముగ్గురు ఆసుపత్రిలో ఉన్నారు. రెండూ తిన్నవారు తొమ్మిది మంది. వారిలో ఎనిమిది మంది పడకల మీద ఉన్నారు. ఫ్రైడ్ రైస్ ముట్టనివారిలో ఒక్కరూ జబ్బుపడలేదు.

ఆ కాగితాన్ని వైద్యునికి చూపించాను. ఆయన కాలాన్ని కూడా లెక్కగట్టాడు. చేపలో దోషం ఉంటే, ముసలాయన చెప్పిన ఆ జబ్బు సాయంత్రంలోగానే బయటపడేది. పిల్లలు రాత్రి ఎనిమిదింటికి ఆకలితో గంతులు వేస్తూ బస్సు దిగారు. తిన్న మూడు గంటలకు వాంతులు మొదలయ్యాయి. వండిన అన్నాన్ని గంటల తరబడి వెచ్చవెచ్చగా బయట ఉంచితే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి అందులో పెరుగుతుంది. దాని బీజాలు ఉడికినా చావవు. అది విడుదల చేసే విషం మళ్ళీ వేయించినా నశించదు. తిన్న ఒకటి నుండి ఆరు గంటలలోగా వాంతులు కలిగిస్తుంది. వండినవారి చేతి పుండ్ల నుండి ఆహారంలో చేరే స్టెఫైలోకాకస్ కూడా ఇంచుమించు ఇలాగే ప్రవర్తిస్తుంది. సాల్మొనెల్లా అయితే సాధారణంగా మరింత ఆలస్యంగా, జ్వరంతో కూడి వస్తుంది. అందుకే వండిన పదార్థాన్ని అరవై డిగ్రీల సెల్సియస్‌కు పైన వేడిగానైనా, అయిదు డిగ్రీలకు లోపల చల్లగానైనా ఉంచాలి. నడుమ ఉన్నదంతా సూక్ష్మజీవుల సంతర్పణ వేళ. “ఏ జీవి అన్నది పరీక్ష లేకుండా చెప్పలేను. ఏ పళ్ళెం అన్నది మాత్రం మీ కాగితమే చెబుతోంది” అన్నాడాయన.

ఆ కాగితంతో న్యాయవాది అయిన నా బాల్యమిత్రుని వద్దకు వెళ్ళాను. ఆయన ఆసాంతం చదివి, మొదటి ప్రశ్న వేశాడు. “బిల్లు ఏదిరా?”

నేను తల దించుకొన్నాను.

రెండవ ప్రశ్న. “మిగిలిన అన్నం ఎవరైనా దాచారా? వాంతి నమూనా పరీక్షకు పంపమని ఆసుపత్రిలో అడిగారా? ఆహార భద్రత అధికారికి ఆ రాత్రే తెలియజేశారా?” ఒక్కదానికీ నా వద్ద ‘అవును’ లేదు. అప్పుడాయన నాకు చెప్పిన సంగతులు ప్రతి పౌరుడూ ఎరిగి ఉండదగినవి.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో రూపొంది, 2011 ఆగస్టు 5 నుండి అమలులోకి వచ్చింది. దానికి పూర్వం 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం ఉండేది. కొత్త చట్టం దృష్టిలో కల్తీ ఒక్కటే నేరం కాదు. తిన్నవారికి హాని చేసే ఆహారం ఏదైనా ‘సురక్షితం కాని ఆహారం’ కావచ్చు. దానివల్ల మరణం సంభవిస్తే అమ్మినవారికి ఏడేళ్ళకు తగ్గని కారాగారం, యావజ్జీవం వరకు శిక్ష, పది లక్షలకు తగ్గని జరిమానా. ఇది నేరానికి శిక్ష. బాధితునికి పరిహారం వేరు. 65వ సెక్షను ప్రకారం మరణానికి అయిదు లక్షల రూపాయలకు తగ్గకుండా, తీవ్రమైన హానికి మూడు లక్షలకు మించకుండా, ఇతర హానికి లక్షకు మించకుండా పరిహారం ఇప్పించవచ్చు. ఇంతేకాక, కొన్న ఆహారాన్ని పరీక్షింపజేసుకొనే హక్కు కొన్నవానికే ఉన్నది. కొనేటప్పుడే అమ్మినవానికి ఆ సంగతి తెలిపి, నిర్ణీత రుసుము చెల్లించి, ఆహార విశ్లేషకునికి పంపవచ్చు. దోషం తేలితే రుసుము తిరిగి వస్తుంది.

రెండవ మార్గం వినియోగదారుల కమిషన్. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. ఫిర్యాదుకు రెండేళ్ళ గడువు ఉన్నది. హోటలు ఎక్కడ ఉన్నా, ఫిర్యాది తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. చెల్లించిన మూల్యం అయిదు లక్షల రూపాయలు మించకపోతే రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకొని తీరాలన్న నిర్బంధం లేదు. ఒకే నష్టం పొందిన పలువురు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు చేయవచ్చు. దారి తెలియనివారికి 1915 అనే జాతీయ సహాయ నంబరు ఉన్నది. మూడవ మార్గం పోలీసు ఫిర్యాదు. హానికరమైన ఆహారం అమ్మడం పూర్వపు శిక్షాస్మృతిలోనూ నేరమే. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ నేరమే.

“బిల్లు నా పేరిట ఉంటే పిల్లలు వినియోగదారులు ఎలా అవుతారు?” అని అడిగాను. మిత్రుడు నవ్వి, ఒక నత్తగుల్ల కథ చెప్పాడు. 1928 ఆగస్టులో స్కాట్లండులోని పెయిజ్లీ పట్టణంలో మే డోనహ్యూ అనే సామాన్య స్త్రీకి ఒక స్నేహితురాలు జింజర్ బీరు కొనిపెట్టింది. లోపలిది కనిపించని ఆ సీసా నుండి కొంత తాగిన తరువాత కుళ్ళిన నత్త బయటపడిందని, తాను జబ్బుపడ్డానని ఆమె దావా వేసింది. డబ్బు ఇచ్చింది ఆమె కాదు. కాబట్టి తయారీదారుతో ఆమెకు ఒప్పందమే లేదని వాదించారు. 1932లో బ్రిటిష్ ప్రభువుల సభ తీర్పు చెప్పింది. ఎవరు కొన్నారన్నది కాదు, తాగేవారు ఎవరైనా వారిపట్ల తయారీదారుకు జాగ్రత్త వహించవలసిన బాధ్యత ఉన్నదన్నది ఆ తీర్పు సారం. మన చట్టంలో వినియోగదారుడంటే కొన్నవాడు ఒక్కడే కాదు, కొన్నవాని అనుమతితో అనుభవించినవాడు కూడా. ఒక సామాన్య స్త్రీ ‘నా ఖర్మ’ అని ఊరుకోనందువల్ల, ప్రపంచంలో ఎన్నో దేశాల న్యాయస్థానాలకు ఒక దారి ఏర్పడింది.

మేము ఫిర్యాదు చేశాము. కాని అప్పటికే నాలుగు రోజులు గడిచాయి. అధికారి తనిఖీకి వెళ్ళేసరికి వంటగది కడిగిన ముత్యంలా ఉన్నది. ఆ నాటి అన్నం లేదు. మేము అక్కడ తిన్నామనడానికి కాగితం లేదు. లోపాలు సరిదిద్దుకొమ్మని యజమానికి నోటీసు మాత్రం వెళ్ళింది. అన్నం వండి బయట ఉంచే పద్ధతి మానుకోవాలని అందులో ఉన్నదని తరువాత తెలిసింది. మా పిల్లలకు పరిహారం రాలేదు. ఇందులో నేను నిందించవలసినవారిలో మొదటివాణ్ణి నేనే. ఆ రాత్రే ఆసుపత్రి నుండి ఒక్క ఫోను చేసి ఉంటే, ఆ బిల్లు జేబులో ఉంటే, కథ వేరుగా ఉండేదేమో.

ఇది మా ఒక్కరి కథ అయితే రాయవలసిన పని లేదు. ఏటా ప్రపంచంలో సుమారు అరవై కోట్ల మంది కలుషితాహారం వల్ల జబ్బుపడుతున్నారనీ, నాలుగు లక్షల ఇరవై వేల మంది మరణిస్తున్నారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా కట్టింది. 2024 ఆగస్టులో మన ఉత్తరాంధ్రలోనే, అనకాపల్లి జిల్లా కైలాసపట్నం వసతిగృహంలో బయటి నుండి వచ్చిన ఆహారం తిన్న పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. కొందరు పసివారు కన్నుమూశారు. అదే సంవత్సరం అక్టోబరులో హైదరాబాదులో బండి మీది మోమోలు తిన్న పలువురు అస్వస్థులు కాగా, ఒక తల్లి ప్రాణాలు కోల్పోయింది. బాధితులు పోలీసులకు ఫిర్యాదు చేశారు. అధికారులు ఆ బండివారిని వెదకి పట్టుకొన్నారు. అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్ తయారీని, నిల్వను, అమ్మకాన్ని ఏడాదిపాటు నిషేధించింది. ఫిర్యాదు పోయిన ప్రాణాన్ని తేలేదు. కాని తరువాతి విస్తరిని కాపాడగలదు.

మీరు భారతంలో ఉదంకుని కథ ఎరుగుదురు. పౌష్య మహారాజు ఇంట భోజనానికి కూర్చున్న ఉదంకునికి అన్నంలో వెంట్రుక కనిపించింది. అశుద్ధాన్నం పెట్టినందుకు అంధుడవు కమ్మని రాజును శపించాడు. స్వల్ప దోషానికి ఇంత శాపమా అని రాజు అతణ్ణి సంతానహీనుడవు కమ్మని తిరిగి శపించాడు. ఇన్నేళ్ళుగా తరగతిలో ఆ ఘట్టం చెబుతూ, మాట మృదువు, మనసు కఠినం అన్న చర్చతోనే నేను ముగించేవాణ్ణి. ఇప్పుడు మరొకటి తోస్తున్నది. ఆ భోజనశాలలో దోషం ఎక్కడిదని అడిగినవారు ఎవరు? వండినవారిని పిలిచినవారు ఎవరు? ఇద్దరూ తపోబలంతో, రాజబలంతో పరస్పరం శపించుకొన్నారే గాని, రేపు ఆ ఇంట భోజనం చేయబోయే మరో అతిథి సంగతి ఎవరికీ పట్టలేదు. మన కాలపు శాపాలు రెండు రకాలు. ‘వాడు నాశనమైపోను’ అని తిట్టి ఊరుకోవడం ఒకటి. విచారించకుండా ఎవరో ఒకరి మీద నింద వేయడం రెండవది. మొదటిది తప్పు చేసినవానికి తాకదు. రెండవది తప్పు చేయనివాణ్ణి దహిస్తుంది. భావనపాడు ముసలాయనను దహించినది అదే.

అందుచేత విద్యార్థులారా, బయట తిన్నప్పుడు బిల్లు అడిగి పుచ్చుకోండి. గోడమీద పద్నాలుగు అంకెల లైసెన్సు సంఖ్య ఉన్నదో లేదో చూడండి. జబ్బుపడితే ముందు ప్రాణం, వెంటనే వైద్యం. ఎక్కడ, ఎప్పుడు, ఏమి తిన్నదీ వైద్యునికి చెప్పి చీటీలో రాయించండి. మిగిలిన ఆహారం ఉంటే మూతపెట్టి చల్లని చోట దాచండి. కలిసి తిన్నవారి పేర్లు, తిన్న వేళ, జబ్బు మొదలైన వేళ ఒక కాగితం మీద రాయండి. ఆ రోజే అధికారికి తెలియజేయండి. సాక్ష్యం చేతికి రానంతవరకు ఎవరి పేరునూ బజారున పెట్టకండి. ఒక చిన్న బండి మీద బతికే కుటుంబానికి అబద్ధపు నింద ఆకలితో సమానం.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం నేను ఆ కాగితం తీసుకొని మళ్ళీ భావనపాడు వెళ్ళాను. అరుగు మీద ముసలాయన, కోలుకొన్న మనుమడు, ఇరుగుపొరుగువారు కూర్చున్నారు. ఒక్కొక్క పేరూ, ఒక్కొక్క గడీ చదివాను. చేప మాత్రమే తిన్న ఆరుగురూ క్షేమంగా ఉన్నారన్న మాట దగ్గర ముసలాయన నన్ను ఆపాడు.

“ఆ ముక్క ఇంకోపాలి సదవండి మాస్టారూ.”

మళ్ళీ చదివాను. ఆయన తల ఊపి, పక్కింటివారి వైపు చూశాడు. తరువాత లోపలికి చూసి, “ఏమేవ్, మాస్టారికి కూడెట్టు” అన్నాడు.

ఆ రోజు శనివారం కాదు. ఆ ఇల్లాలు వడ్డించిన చేపల పులుసు కడుపారా తిన్నాను.